లాక్స్ పాఠం 5: ముందు నీళ్లు, తర్వాతే నూనె

పోయిన పాఠంలో కుంకుడుకాయ రసంతో లాక్స్, అంటే దువ్వకుండా పాయలు పాయలుగా చిక్కు కట్టించిన జడలు (డ్రెడ్‌లాక్స్), రుద్దుకోమన్నాను. దాని పర్యవసానం ఈ వారమంతా చదువుతూనే ఉన్నాను. కావలి నుంచి, ఒంగోలు నుంచి ఒకటే ఫిర్యాదు: పాయలు కొబ్బరి పీచులా అయిపోయాయని. మీరంతా చేసుకున్న వైద్యం కూడా ఒకటే, కొబ్బరినూనె దట్టించడం. మొదళ్లు మెలి తిప్పడం నేర్పుదామనుకున్నా గానీ, అది వచ్చే పాఠానికి.

తప్పు కుంకుడుది కాదు. రసం పలచగా చేసి, గుడ్డలో వడకట్టి వాడమంటే చాలామంది చిక్కగా పోసుకున్నారు. అందులో నురగనిచ్చే సపోనిన్లు మురికితోపాటు జుట్టు జిడ్డునూ లాగేస్తాయి. మామూలు జుట్టులో దువ్వెన మాడు మీది జిడ్డును కొసదాకా దించుతుంది. మనం దువ్వుకోం కదా, అందుకే మాడు జిడ్డుగా ఉన్నా కొసలు ఎండిపోతాయి.

ఇక నూనె గొడవ. నూనెలో నీరు లేదు. ఎండిన పాయకు నూనె రాస్తే పైన మెరుస్తుంది, లోపల ఎండినట్టే ఉంటుంది. మర్నాటికి మళ్లీ గరుకు, మళ్లీ నూనె. ఆ జిడ్డుకు దుమ్ము, దుప్పటి నూగు అంటుకుని పాయ లోపలికి పోతాయి. లోపలికి పోయింది ఒక పట్టాన బయటికి రాదు. తర్వాత నీళ్లు చల్లినా పైనే జారిపోతాయి. అప్పుడు ‘నీళ్లు కూడా పనిచేయట్లేదండీ’ అని రాస్తారు! కొబ్బరినూనె మీద నాకు పగ లేదు. అది వెంట్రుకలోకి ఇంకుతుంది, తలస్నానానికి గంట ముందు రాసుకుంటే మంచిదే. ఎండిన పాయ మీద రోజూ పూయడమే వద్దంటున్నాను. షియా బటర్ (ఆఫ్రికాలో షియా గింజల నుంచి తీసే గట్టి కొవ్వు) రాయమనే సలహాలు ఎక్కువగా గట్టి ఉంగరాల ఆఫ్రికన్ జుట్టును దృష్టిలో పెట్టుకుని చెప్పినవి, మన జుట్టుకు అంత బరువు అక్కర్లేదు.

స్ప్రే సీసాలో 200 మి.లీ. తాగే నీళ్లు, ఒక టీస్పూన్ గ్లిజరిన్ కలిపి పాయల మీద చల్లండి. పాయ చేతికి చల్లగా తగలాలి, పిండితే నీళ్లు కారకూడదు. ఐదు నిమిషాలాగి, నాలుగైదు చుక్కల నూనె అరచేతుల్లో రుద్దుకుని సగం నుంచి కొసదాకా పట్టించండి. నాది నువ్వుల నూనె. వాసన పడనివాళ్లు బాదం నూనె వాడుకోవచ్చు. వడగాలి రోజుల్లో గ్లిజరిన్ మానేయండి, గాల్లో తేమ లేకపోతే అది జుట్టులోదే లాగుతుంది.

తాగే నీళ్లే ఎందుకంటే, బోరు నీళ్లలో పెట్టిన హీటర్ కాయిల్ చూడండి. దాని మీద కట్టే తెల్ల పెచ్చు కాల్షియం, మెగ్నీషియం లవణాలే. అవే మీ పాయల్లోనూ చేరుతున్నాయి. స్నానంలో ఆఖరి రెండు చెంబులు క్యాన్ నీళ్లు పోసుకోండి. మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రంలో దిగే ముందే మంచినీళ్లతో తల తడిపితే ఉప్పు నీళ్లు అంతగా పీల్చదు.

మెంతిపిండి, శనగపిండి, గోరింటాకు ముద్ద వద్దు. గుజ్జు లోపలే ఉండిపోతుంది. కలబందైనా వడకట్టే వాడాలి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన వానల్లో స్ప్రే తగ్గించండి. తడి పాయలతో పడుకుంటే ముక్కిన వాసన పట్టుకుంటుంది, వదిలించడం మహా కష్టం. తల బాగా ఆరాక పాత పట్టుచీర ముక్క చుట్టుకుని పడుకోండి. నూలు గలీబు ఉన్న తేమ కాస్తా పీల్చేస్తుంది.

అభ్యాసం: వెనకవైపు మూడు పాయలకు మూడు రంగుల దారాలు కట్టండి. 15 రోజులు ఒకదానికి నీళ్లు మాత్రమే, రెండోదానికి నూనె మాత్రమే, మూడోదానికి నీళ్లు, ఆపైన నూనె. రోజూ రాత్రి కొసను వేలికి చుట్టి, కరకరమంటోందా, మెత్తగా వంగుతోందా రాసుకోండి. ఫొటోలు పంపేవాళ్లు పగటి వెలుతురులో తీయండి, ఫ్లాష్ వేస్తే మూడూ ఒకేలా మెరుస్తాయి.