రీసెర్చ్ డేటాను ఆర్కైవ్‌కు ఇచ్చే ముందు

ఆర్కైవ్‌కు వచ్చే డేటాను తెరిచి, దాచడానికి తగినట్టుగా ఉందో లేదో చూడటం నా ఉద్యోగం. ఫైలు తెరుచుకోకపోతే ఏదో ఒక దారి వెతకొచ్చు. తెరుచుకున్నాక అర్థం కాకపోతేనే కష్టం. కాలమ్ పైన ‘టెంప్’ అని ఉంటుంది. గాలిదా, నీటిదా? సెల్సియస్సా, ఫారెన్‌హీటా? మధ్యలో కొన్ని గడుల్లో -99 ఎందుకుంది? కొలిచినవాళ్లకు ఇవన్నీ కంఠతా వచ్చు, అందుకే ఎక్కడా రాసిపెట్టరు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఫైలు తెరిచేవాళ్లకు అడుగుదామన్నా ఎవరూ దొరకరు.

కాబట్టి ముందు కోడ్‌బుక్ రాయండి. ప్రతి కాలమ్‌కూ పూర్తి పేరు, యూనిట్, ఏ పరికరంతో కొలిచారు, ఏ విలువలు రావచ్చు, విలువ లేనిచోట ఏం పెట్టారు అన్నవి ఉండాలి. లేని విలువల దగ్గర మరీ జాగ్రత్త. కొలిస్తే సున్నా రావడం వేరు, అసలు కొలవకపోవడం వేరు. విలువ లేదని చెప్పడానికి పెట్టిన -99ని అలాగే వదిలేస్తే సగటు తీసేటప్పుడు ఎవరో ఒకరు దాన్నీ కలిపేస్తారు. గడి ఖాళీగా ఉంచి, కారణం పక్క కాలమ్‌లో రాయడం నయం. ఇదంతా ప్రాజెక్టు నడుస్తుండగానే చేయాలి. పేపర్ అచ్చయ్యాక కూర్చుంటే సగం గుర్తుండదు.

ఎక్సెల్ ఫైలు వద్దనను. కానీ దాంతోపాటు యూటీఎఫ్-8లో (తెలుగుతో సహా అన్ని లిపులనూ దాచగల ఎన్‌కోడింగ్) సేవ్ చేసిన సీఎస్‌వీ (విలువలను కామాలతో విడదీసి రాసే ఫైలు) కాపీ తప్పకుండా ఉండాలి. అది వట్టి టెక్స్ట్, ఏ ఎడిటర్‌లోనైనా చదవొచ్చు. మార్చే ముందు మాత్రం షీట్‌ను ఒకసారి పైనుంచి కిందిదాకా చూడండి. అనుమానం ఉన్న రీడింగులకు చాలామంది పసుపు రంగు వేస్తారు. సీఎస్‌వీలోకి ఆ రంగు రాదు, అనుమానం ఉందన్న సంగతీ అక్కడితో పోతుంది. ‘క్వాలిటీ’ అని ఒక కాలమ్ పెట్టి దాన్ని మాటల్లో రాయండి. గడులకు తగిలించిన కామెంట్లూ అంతే. 03/04/2021 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? 2021-04-03 అని ఏడాది ముందు వచ్చేలా రాస్తే ఆ గొడవ ఉండదు. ఐడీల ముందున్న సున్నాలు ఎగిరిపోయాయేమో కూడా చూడండి. ఎక్సెల్ సొంతంగా మార్చేసే అలవాటు చిన్నది కాదు. మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లను అది తేదీలుగా మార్చేస్తుండటంతో, జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ చివరికి ఆ పేర్లనే మార్చేసి, ఆ సంగతిని 2020లో ప్రకటించింది.

మిగతావి తేలిక. ఫొటోలు టిఫ్‌లో, ఆడియో వేవ్ లేదా ఫ్లాక్‌లో, పత్రాలు పీడీఎఫ్/ఏలో (ఎక్కువకాలం దాచడానికని రూపొందించిన పీడీఎఫ్ రకం) ఇవ్వండి. ఫైళ్ల పేర్లలో ఖాళీలు, ‘ఫైనల్ కొత్తది’ లాంటి తోకలు వద్దు.

మనుషుల నుంచి సేకరించిన డేటా అయితే పేర్లు తీసేసినంత మాత్రాన సరిపోదు. పుట్టిన తేదీ, పోస్టల్ కోడ్, లింగం మూడూ ఒకచోట ఉంటే చాలాసార్లు మనిషిని పట్టేయొచ్చు. తేదీకి బదులు వయసు శ్రేణి, కోడ్‌కు బదులు పెద్ద ప్రాంతం ఇవ్వండి. వాళ్లు సంతకం పెట్టిన సమ్మతి పత్రం ఇతరులతో పంచుకోవడానికి ఒప్పుకుంటోందో లేదో చదివాకే పంపండి. నమ్మి చెప్పినవాళ్ల విషయం ఇది, తొందర పనికిరాదు.

అన్నీ సిద్ధమయ్యాక ప్రతి ఫైలుకూ షా-256 చెక్‌సమ్ (ఫైలు నుంచి లెక్కగట్టే, దాని వేలిముద్ర లాంటి వరస) తీసి ఒక టెక్స్ట్ ఫైలులో పెట్టండి. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ 64 అక్షరాల వరస మారిపోతుంది, కాబట్టి ఎప్పుడు పాడైనా బయటపడుతుంది. ల్యాబ్ వెబ్‌సైట్‌లో లింకు పెట్టడాన్ని ఆర్కైవ్ చేయడం అనుకోవద్దు. మీ రంగానికి ప్రత్యేకంగా రిపాజిటరీ (డేటాను భద్రపరిచే ఆన్‌లైన్ భాండాగారం) ఉంటే అందులో, లేకపోతే 2013లో యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్‌లో మొదలైన జెనోడో లాంటి చోట పెట్టి డీఓఐ (డేటాకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) తీసుకోండి. లైసెన్స్ ఏదో స్పష్టంగా రాయండి. అది లేని డేటాను వాడటానికి జాగ్రత్తపరులు జంకుతారు.

పంపే ముందు ఒక పరీక్ష. ప్రాజెక్టుతో సంబంధం లేని సహోద్యోగికి ఫోల్డర్ ఇచ్చి, మీ పేపర్‌లోని ఒక టేబుల్‌ను తిరిగి తయారు చేయమనండి. పక్కన కూర్చోండి, నోరు మాత్రం విప్పకండి. వాళ్లు అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు రీడ్‌మీ ఫైలులోకి (ఫోల్డర్‌తో పాటు ఇచ్చే వివరణ ఫైలు) వెళ్లాలి.