దంత సంరక్షణ పాఠాలు - 3: బ్రష్ చేరని సందులు

గత రెండు పాఠాల్లో మెత్తని కుచ్చు ఉన్న బ్రష్‌ను ఎంచుకోవడం, దాన్ని చిగురు అంచున 45 డిగ్రీల వాలుగా ఆనించి చిన్న చిన్న కదలికలతో తోమడం నేర్చుకున్నాము. ఆ పద్ధతి బాగా అలవాటైన వారు కూడా పళ్లను పూర్తిగా శుభ్రం చేసుకుంటున్నట్టు కాదు. దవడ పన్నుకు ఐదు ముఖాలు ఉంటాయి. బుగ్గ వైపు, నాలుక వైపు, నమిలే వైపు ఉన్న మూడింటికి బ్రష్ చేరుతుంది. పక్క పళ్లను ఆనుకొని ఉండే మిగిలిన రెండింటికి ఎంత ఖరీదైన బ్రష్ అయినా చేరదు. చిగుళ్ల జబ్బు చాలామందిలో మొదలయ్యేది అక్కడే.

శీతాకాలంలో విశాఖ వీధుల్లో కుప్పలు పోసి అమ్మే తేగలు తిన్నప్పుడు, వేసవిలో రసం మామిడి టెంక చీకినప్పుడు పీచు పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు చేతికందిన చీపురుపుల్లో, గుండుసూదో, పిన్నీసో తీసుకొని దాన్ని బయటికి లాగి, పని అయిపోయిందనుకుంటాము. ఇరుక్కున్నది తీయడం వేరు, పాచి తుడవడం వేరు అన్న సంగతి ఈ పాఠానికి ఆధారం. పీచు బాధ పెడుతుంది కాబట్టి దాన్ని తీసేదాకా ఊరుకోము. సూక్ష్మజీవులతో పన్నుకు పల్చగా అంటుకునే పాచి నొప్పి పెట్టదు, కంటికీ సరిగా కనబడదు. దాన్ని రోజూ తుడవకపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు అందులో చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. గారగా మారిన తరువాత అది ఇంట్లో ఉన్న ఏ పరికరంతోనూ రాదు, దంతవైద్యుడి దగ్గర తీయించుకోవలసిందే. సూదులు, పిన్నీసులు పాచిని అంటకుండా చిగురును మాత్రం గాయపరుస్తాయి కాబట్టి వాటిని ఈ రోజుతోనే మానేయండి.

పరికరం కొనే ముందు మీ పళ్ల సందులను మీరే చూసుకోవాలి. వెలుతురు బాగా ఉన్న చోట అద్దం ముందు నిలబడి, పెదవిని, బుగ్గను వేలితో పక్కకు లాగి, రెండేసి పళ్ల మధ్య చిగురు ఎలా ఉందో గమనించండి. ముక్కోణంలా పొడుచుకొచ్చే చిగురు కొన సందును పూర్తిగా నింపి ఉంటే అక్కడ దారం తప్ప మరేదీ పట్టదు. పళ్ల సందులు తుడిచే ఈ దారాన్నే ఫ్లాస్ అంటారు. కొన కిందికి జారి, దాని పైన చీకటి ముక్కోణం కనబడితే అక్కడికి సన్నని తీగ చుట్టూ కుచ్చు ఉండే ఇంటర్‌డెంటల్ బ్రష్ కావాలి. పక్క పన్ను ఊడిపోయి ఖాళీ ఉన్న చోట మామూలు బ్రష్‌నే అడ్డంగా తిప్పి ఆ పక్క ముఖాన్ని తోమవచ్చు. నడివయసు దాటిన వారి నోట్లో ఈ మూడు రకాల సందులూ ఉండవచ్చు. అందుకే నోరంతటికీ ఒకే పరికరం అన్న లెక్క పనికిరాదు.

ఇప్పుడు దారం వాడే తీరు. మూరెడు దారం, అంటే సుమారు 45 సెంటీమీటర్లు, తెంపుకోండి. ఎక్కువ భాగాన్ని ఒక చేతి నడిమి వేలికి, కొద్ది భాగాన్ని రెండో చేతి నడిమి వేలికి చుట్టి, బొటనవేళ్లు, చూపుడు వేళ్ల మధ్య రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే బిగువుగా ఉండేలా పట్టుకోండి. పళ్లు ఒకదానికొకటి తాకే చోట దారాన్ని అటూ ఇటూ రంపంలా మెల్లగా ఆడిస్తూ లోపలికి దించాలి. బలంగా నొక్కితే ఒక్కసారిగా జారి చిగురును కోస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు దారం మీద విసుగు పెంచుకొనేది ఈ దశలోనే కాబట్టి ఇక్కడ తొందరపడవద్దు. దారం లోపలికి దిగాక దాన్ని ఒక పన్ను వైపు వంచి, ఆ పన్నును సగం చుట్టినట్టుగా హత్తించి, చిగురు అంచు కిందికి కొద్దిగా, ఆగిన చోటు వరకే జార్చి, అలాగే హత్తించి ఉంచి పైకీ కిందికీ నాలుగైదు సార్లు తుడవండి. తరువాత చిగురు కొన మీదుగా ఎత్తి పక్క పన్నుకు హత్తించి అదే విధంగా చేయండి. సందు ఒకటే అయినా తుడవవలసిన ముఖాలు రెండు. ఒక సందు పూర్తికాగానే వేలి నుంచి కొత్త దారం విప్పుకోవాలి. పళ్లు బాగా బిగువుగా ఉన్నవారికి మైనం పూసిన దారం సులువుగా దిగుతుంది.

దారం ఎప్పుడూ ఒకే చోట పీలికలవుతున్నా, తెగుతున్నా అక్కడ పాత ఫిల్లింగు అంచు లేచి ఉండవచ్చు, పుచ్చు మొదలై ఉండవచ్చు. ఏ పళ్ల మధ్యనో గుర్తుపెట్టుకొని దంతవైద్యుడికి చూపించండి.

మొదటి రోజుల్లో చాలామందికి రక్తం కనబడుతుంది. దారం వల్లనే చిగురు తెగిందని భయపడి మానేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే సాధారణంగా ఆ రక్తానికి కారణం అంతకుముందే పాచి వల్ల వాచి ఉన్న చిగురు. మెత్తగా, క్రమం తప్పకుండా తుడుస్తూ పోతే వాపు తగ్గి, వారం పది రోజుల్లో రక్తం తగ్గుముఖం పడుతుంది. రెండు వారాలు దాటినా ఆగకపోతే, చీము కనబడితే, పన్ను కదులుతుంటే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. మధుమేహం ఉన్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, ముదిరిన చిగుళ్ల జబ్బు చక్కెరను అదుపులోకి రానివ్వదు. రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు ఆ సంగతి దంతవైద్యుడికి ముందుగా చెప్పండి.

ఇంటర్‌డెంటల్ బ్రష్‌కు కొలతే ప్రాణం. ప్యాకెట్ మీద ఉండే అంకె ఆ బ్రష్ ఎంత సన్నని సందులో దూరగలదో తెలుపుతుంది. రంగులు కంపెనీకొక రకంగా ఉంటాయి కాబట్టి రంగును నమ్మి కొనవద్దు. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పరిసరాల్లోని మందుల దుకాణాల్లో అడిగేటప్పుడు కూడా అంకె చెప్పి అడగండి. మొదట సన్నని రకంతో ప్రయత్నించి, బలవంతం లేకుండా దూరే వాటిలో లావుపాటిది ఎంచుకోవాలి. తీగ పన్నుకు రాసుకోకూడదు, కుచ్చు మాత్రం రెండు వైపులా ఒత్తుకోవాలి. పేస్టు అవసరం లేదు, తడిపితే చాలు. దవడ పళ్ల దగ్గర నోరు బార్లా తెరిస్తే బుగ్గ బిగుసుకుపోయి చెయ్యి ఆడదు కాబట్టి, నోరు సగం మూసి, తీగను కొద్దిగా వంచి దూర్చండి. చిగురు జారినప్పుడు బయటపడే దంతమూలం మీద సన్నని గాడులు ఉంటాయి. దారం ఆ గాడుల మీదుగా వెళ్లిపోతుంది, కుచ్చు లోపలికి దిగుతుంది. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2019లో వెలువరించిన సమీక్ష కూడా ఇంటర్‌డెంటల్ బ్రష్ దారం కంటే మేలు కావచ్చునని చెప్పింది, అయితే ఆధారాలు అంత బలమైనవి కావని కూడా అందులోనే పేర్కొంది. ఏదేమైనా బిగువైన సందులో దాన్ని బలవంతంగా దూర్చవద్దు.

నీటి ధారతో పనిచేసే యంత్రం పళ్లకు తీగలు కట్టించుకున్నవారికి, బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో అతికించిన కట్టుడు పన్ను) ఉన్నవారికి ఉపయోగపడుతుంది. అంటుకున్న పాచిని రుద్ది తుడిచే పని మాత్రం అది దారంలా చేయలేదు.

నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి ఈ పనికి రాత్రి భోజనం తరువాతి వేళ మంచిది. ముందు సందులు తుడిచి, ఆపైన ఫ్లోరైడు పేస్టుతో తోముకుంటే ఆ ఫ్లోరైడు సందుల్లోకి కూడా చేరుతుంది. ఉమ్మివేయండి గాని వెంటనే నీళ్లతో పుక్కిలించవద్దు. సముద్రపు తేమ ఎప్పుడూ ఉండే మన ఊళ్లో మూత పెట్టిన బ్రష్ తొందరగా ఆరదు. కడిగి, విదిలించి, గాలి తగిలే చోట నిలబెట్టండి. ఇంటర్‌డెంటల్ బ్రష్ తీగ మెలిపడినా, కుచ్చు పలచబడినా పారవేయండి.

అద్దం చేతిలో ఉన్నప్పుడు ఒక్క నిమిషం తల వెనక్కి వంచి అంగిలిని కూడా చూసుకోండి. మన తీర గ్రామాల్లో, ముఖ్యంగా పెద్ద వయసు స్త్రీలలో, చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటు ఉండేది, ఇంకా అక్కడక్కడా ఉంది. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద తెల్లని మచ్చలు, పుండ్లు ఏర్పడి కొందరిలో క్యాన్సరుగా మారతాయి. 1971లో ప్రచురితమైన ఒక పరిశీలన కోసం ఆంధ్రప్రదేశ్ గ్రామీణులు 10,169 మంది అంగిళ్లను పరీక్షించారు. ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో ఆ అలవాటు ఉంటే, వారి నోట్లో రెండు వారాలకు మించి మానని మచ్చ గానీ పుండు గానీ కనబడితే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించండి.

వచ్చే పాఠం లోపల ఒక పని చేయండి. ఒక కాగితం మీద పై వరుస, కింది వరుస పళ్లను గీసి, ప్రతి సందు దగ్గర దారమా, బ్రష్ అయితే ఏ అంకె అన్నది రాసుకోండి. రక్తం వచ్చిన సందు దగ్గర ఆ రోజు తేదీ వేయండి. నాలుగవ పాఠంలో నాలుక బద్ద, కట్టుడు పళ్ల శుభ్రత గురించి చెప్పుకొనే ముందు ఆ కాగితాన్ని ఎలా చదవాలో చూద్దాము.