రేడియేషన్ తర్వాత వచ్చే నరాల నొప్పికి మందులు ఎలా వాడాలి?

రొమ్ము క్యాన్సర్‌కి కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నవారికి చేతిలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి పెట్టించుకున్నవారికి కాళ్లలో, నెలలకో ఏళ్లకో మంట, తిమ్మిరి, షాకు కొట్టినట్టు పోట్లు మొదలవ్వచ్చు. రేడియేషన్ తగిలిన చోట కండ గట్టిపడి నరాన్ని బిగించేస్తుంది. మందు నరాన్ని బాగుచేయదు, నొప్పిని దించుతుంది. సగం తగ్గినా పనిచేసినట్టే.

ముందు, రేడియేషన్ ఇచ్చిన ఆసుపత్రికి, అది విశాఖ అగనంపూడి హోమీ భాభా అయినా మరొకటైనా, పాత కాగితాలతో వెళ్లండి. క్యాన్సర్ తిరగబెట్టినా ఇలాంటి నొప్పే వస్తుంది కాబట్టి ఎమ్మారై తీసి తేల్చుకోవాలి. కాళ్లు చచ్చుబడినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు బయల్దేరాలి.

తర్వాత క్రియాటినిన్ పరీక్ష, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే రక్తపరీక్ష. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు, అంటే కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, ఇది చూడకుండా నరాల మాత్ర మొదలుపెట్టకూడదు. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ మూత్రంలోనే బయటికి పోతాయి. కిడ్నీ మందగిస్తే ఒంట్లో పేరుకుపోయి మగత, తూలు, మాట ముద్దగా రావడం, చేతులు ఉన్నట్టుండి ఎగిరిపడటం కనిపిస్తాయి. కిడ్నీ వడపోత నిమిషానికి 60 మి.లీ. కంటే తగ్గితే ప్రీగాబలిన్ మోతాదు సుమారు సగానికి, 30 కంటే తగ్గితే పావుకి దించుతారు. ఊళ్లో వేసే డైక్లోఫెనాక్ సూది ఈ నొప్పికి పెద్దగా పనిచేయదు, పైగా కిడ్నీని దెబ్బతీస్తుంది. దయచేసి వద్దనండి.

కిడ్నీలు బాగుంటే డాక్టర్లు సాధారణంగా గాబాపెంటిన్ 300 మి.గ్రా. (వయసు మళ్లినవాళ్లకు 100) లేదా ప్రీగాబలిన్ 75 మి.గ్రా. రాత్రి ఒకటి ఇచ్చి, 3 నుంచి 7 రోజులకోసారి పెంచుతారు. గ్యాస్ సిరప్ తాగితే గాబాపెంటిన్‌కి 2 గంటల ఎడం ఉంచండి. ఇదే నొప్పికి ఇచ్చే మరో మందు అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. పడుకోవడానికి 2 గంటల ముందే వేసుకోవాలి, లేకపోతే పొద్దెక్కేదాకా మత్తు వదలదు. గుండె జబ్బు, గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉంటే ముందే చెప్పండి. ఇంకో మందు డ్యూలోక్సెటిన్ 30 మి.గ్రా.తో మొదలై 60కి వెళ్తుంది. అది రొమ్ము క్యాన్సర్ మాత్ర టామోక్సిఫెన్ పనిని తగ్గించవచ్చు కాబట్టి, టామోక్సిఫెన్ వాడుతున్న సంగతి చెప్పి తీరాలి.

స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదివించుకోండి. షాపులో ఇచ్చే ‘నరాల బిళ్ల’లో చాలాసార్లు ప్రీగాబలిన్‌తో మిథైల్‌కోబాలమిన్ (బి12 విటమిన్), ఒక్కోసారి నార్ట్రిప్టిలిన్ (అమిట్రిప్టిలిన్ లాంటిదే) కూడా కలిపి ఉంటాయి. పేర్లు వేరైన రెండు స్ట్రిప్పుల్లో ఒకే మందు ఉంటే మోతాదు రెట్టింపైపోతుంది.

రోజూ నొప్పికి 10కి ఎన్నో రాసి పెట్టండి. సరైన మోతాదుకు చేరాక కొన్ని వారాలు చూడకుండా ‘పనిచేయలేదు’ అనుకోవద్దు. మానాలన్నా ఒక్కసారిగా ఆపకూడదు, కనీసం వారం పాటు మెల్లగా తగ్గించాలి. విశాఖ ప్రయాణం తరచూ కుదరదు కాబట్టి పది రోజుల మాత్రలు మిగిలుండగానే మళ్లీ తెచ్చుకోండి.