గోదారి పాయలో నావ, గాలం – నాలుగో పాఠం: పోటు చూసి నావ దించడం

పోయిన పాఠం చివర ఒక పుల్ల పని చెప్పాను. రేవులో నీటి అంచున పుల్ల గుచ్చి, అరగంట ఆగి వచ్చి చూడమన్నాను. చేసినవాళ్లకి ఈ పాఠం తేలిక. చేయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. నావ దించడంలో సగం పని అదే.

పుల్ల మునుగుతుంటే పోటు. పుల్ల తడి మట్టిలో మిగిలిపోయి నీరు దూరంగా జరిగితే పాటు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, ఒక్కోటి సుమారు ఆరు గంటలు. నది సొంత వడి కూడా కలుస్తుంది కాబట్టి పాటు కాస్త ఎక్కువసేపు సాగుతుంది. ఇవాళ ఉదయం ఏడింటికి నీరు నిండితే, రేపు ఏడూ యాభైకి అటూ ఇటూగా నిండుతుంది. అమావాస్యకి, పౌర్ణమికి ఎక్కువ లేస్తుంది, అష్టమి దగ్గర తక్కువ. అందుకే రేవులో పెద్దవాళ్లు టైము కంటే ముందు తిథి అడుగుతారు.

ఈ లెక్క గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల్లో సముద్రం వైపు ఉన్న ఊళ్లకి. ధవళేశ్వరం ఎగువన ఉన్నవాళ్లకి బ్యారేజీ అడ్డు, పోటు అక్కడిదాకా రాదు. కాలవల్లో లాకుల నీటిదే లెక్క.

ఇంకో మాట, ఇది గట్టిగా చెప్పాలి. ఎర్రనీరు దిగిన రోజు నుంచి ఈ పాఠం పక్కన పెట్టేయండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. నేర్చుకునేవాళ్లు మొదటి హెచ్చరిక దాకా కూడా ఆగకూడదు. నీటి మీద కొమ్మలు, దుంగలు కొట్టుకొస్తున్నాయంటే నావ గట్టు మీదే ఉండాలి. పులస ఎలా పట్టాలని చాలామంది అడుగుతున్నారు. పులస వచ్చేది ఆ వరదనీటికి ఎదురీదుతూనే. అది వలతో పట్టే చేప. పుట్టినప్పటి నుంచీ ఏట్లో ఉన్నవాళ్ల పని. మనం దాని జోలికి పోవద్దు.

ఇక నావ దించడం. పోటు మొదలైన గంటకి దించండి. కారణం సులువు. పోటులో నావ ఇసుక మేట ఎక్కినా, కాసేపట్లో నీరే లేపుతుంది. పాటులో ఎక్కితే మళ్లీ పోటు వచ్చేదాకా బురద మధ్యలో ఎండకి కూర్చోవాలి. పైగా పోటుతో ఎగువకి వెళ్లి పాటుతో ఇంటికి వస్తే చేతులకి శ్రమ తగ్గుతుంది.

గట్టు మీంచి నీటిదాకా నాలుగు అరటి బోదెలు అడ్డంగా పరవండి. మన లంకల్లో వాటికి కరువు లేదు. బోదె నలిగి జారుడు వస్తుంది, ఇద్దరు మనుషులు చాలు. మొదట నావ వెనక భాగాన్ని నీళ్లలోకి పోనిచ్చి, ముక్కు మాత్రం మట్టి మీద ఆననివ్వండి. సామాను అప్పుడు సర్దాలి, బరువంతా నడిమికి. ఎక్కేటప్పుడు రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని, పాదం సరిగ్గా మధ్యలో వేసి, వెంటనే కూర్చోవాలి. నిలబడి సర్దుకుందామనుకున్నవాళ్లే ఎక్కువగా పడతారు. లైఫ్ జాకెట్ గట్టు మీదే వేసుకోండి. ఈత వచ్చినా సరే. నీళ్లు తోడే డబ్బాని తాడుతో నావకి కట్టేయండి.

ఇప్పుడు తాడు గురించి. నేను దీన్ని మా మావయ్య నావ ముంచి నేర్చుకున్నాను. అప్పుడు నాకు పదహారేళ్లు. పౌర్ణమి మర్నాడు, నిండు పోటు మీద వచ్చి, రేవులో కొబ్బరి మొద్దుకి నావని దగ్గరగా బిగించి కట్టి భోజనానికి పోయాను. మూడు గంటల తర్వాత వచ్చి చూస్తే నీరు బాగా దిగిపోయింది. నావ ముక్కు తాడుకి వేలాడుతోంది, వెనక అంచు నీళ్లలోకి దిగిపోయింది. గాలాల డబ్బా, తెడ్డు ఎటో పోయాయి. తాడు బిగుసుకుని ఇనుప కడ్డీలా ఉంది, ముడి రాలేదు, కొడవలితో కోయాల్సి వచ్చింది. మావయ్య తిట్టలేదు. తడిసిన తాడు ముక్క నా చేతిలో పెట్టి, “నీళ్లు ఎంత పెరుగుద్దో అంతా తగ్గుద్దిరా. తాడు దగ్గర పొదుపు చేత్తే నావ పోద్ది” అన్నాడు.

కాబట్టి రేవులో నీరు ఎంత లేచి దిగుతుందో దానికి కనీసం రెండింతలు వదులు ఉంచండి. ఇంకా మంచిది, లోతుగా ఒక గుంజ పాతి, తాడుని దాని చుట్టూ ఉంగరంలా వదులుగా ముడేయడం. నీటితో పాటు ఉంగరం పైకీ కిందకీ జారుతుంది. గుంజ మాత్రం నిండు పోటుకి కూడా మునగనంత ఎత్తుండాలి.

గాలం ఎక్కడ వేయాలన్నది కూడా నీరే చూపిస్తుంది. గుర్రపుడెక్క కొట్టుకుపోవడం గమనించండి. నడిమిలో వేగంగా పోతుంది, లంక తోక దగ్గరికొచ్చేసరికి నెమ్మదించి తిరుగుతుంది. వడి నీరూ నిలవ నీరూ కలిసే ఆ గీత పక్కన ఆగండి. లంగరు ఎప్పుడూ ముక్కు నుంచే దించాలి. పక్క నుంచి దించితే వడి నావని ఒరగదోస్తుంది. తాడు లోతుకి నాలుగైదు రెట్లు వదలండి. గాలానికి ఎర్రని, అంటే వానపాముని, గుచ్చి, సీసం గుండు నేలకి తగిలాక జానెడు పైకి లాగి ఉంచండి. జెల్లలు అక్కడే తిరుగుతాయి. జెల్లని విప్పేటప్పుడు తొందరపడొద్దు. రెక్కల దగ్గర రెండు, వీపు మీద ఒకటి, మొత్తం మూడు ముళ్లు. గుచ్చితే చెయ్యంతా సలుపుతుంది. తడిగుడ్డ వేసి తల వెనక పట్టుకోండి.

దారిలో బెండ్ల వరుస కనిపిస్తే దాని మీదుగా పోకుండా చుట్టు తిరిగి వెళ్లండి. అది ఒకరి వల, వాళ్ల ఇంట్లో ఆ పూట బియ్యం.

వచ్చే పాఠానికి పని: మూడు రోజులు వరుసగా పుల్ల గుచ్చండి. తిథి, నీరు నిండిన టైము, ఎన్ని జానలు లేచిందో పుస్తకంలో రాసుకోండి. ఆ కాగితం పెట్టుకునే ఐదో పాఠంలో పాయ అడ్డంగా దాటడం మొదలుపెడతాం. వీలైతే ఈలోగా సఖినేటిపల్లి రేవుకి వెళ్లి, నరసాపురం నుంచి జనాన్ని దాటించే పంటు (పెద్ద పడవ) ముక్కు ఎటు తిప్పి నడుపుతున్నారో పోటులో ఒకసారి, పాటులో ఒకసారి చూడండి.