వాచీ గదిలో వదిలేశాక
డిగ్రీతోపాటే నా 400 మీటర్ల పరుగూ అయిపోయింది. అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నా, పొద్దున 5కే మెలకువ. లేచి ఏం చేయాలో తోచేది కాదు. తిండి మాత్రం ప్రాక్టీస్ రోజుల లెక్కే: ఆరు ఇడ్లీలు, నాలుగు గుడ్లు. ఆరు నెలల్లో 9 కిలోలు పెరిగాను.

తిండి తగ్గించడం తేలికే. కష్టమైంది స్టాప్‌వాచ్ వదలడం. కేబీఆర్ పార్కులో పరిగెత్తినా కళ్లు మణికట్టు మీదే. పాత టైమింగ్ రాకపోతే రోజంతా చిరాకు. ఒకరోజు వాచీ గదిలోనే పెట్టి వెళ్లాను. అక్కడ నెమళ్లు అరుస్తాయని ఆ రోజే తెలిసింది!

ఇప్పుడు ఆదివారాలు మా గల్లీ పిల్లలకు స్టార్ట్ తీసుకోవడం నేర్పిస్తున్నా. నా స్పైక్స్ (అడుగున మేకులుండే పరుగు బూట్లు) ఓ పదో తరగతి కుర్రాడికిచ్చాను. కొంచెం వదులట, ముందు దూది కుక్కుకున్నాడు.