విశ్వాసం చల్లారిపోయినట్టు ఉంటే మన ప్రాణంతో మనం ఎలా మాట్లాడుకోవాలి?

ఆదివారం ఆరాధనకి వెళ్తాం, పాటలు పాడతాం, సంఘంలో అందరికీ వందనాలు చెప్తాం, ఇంటికొచ్చాక మాత్రం లోపల ఖాళీ. నాకు ఉద్యోగం పోయిన నాలుగు నెలలూ ఇలాగే ఉండేది, మోకరిస్తే మాటే వచ్చేది కాదు. అప్పుడు పట్టుకున్నది 42వ కీర్తన. అందులో కీర్తనకారుడు దేవుడితోనే కాదు, తన ప్రాణంతో కూడా మాట్లాడతాడు, "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అని. నేనూ అదే మొదలుపెట్టా.

మొదట చోటు చూసుకోండి. మనసులో అనుకుంటే కుదరదు, రెండు నిమిషాల్లో ఆలోచన కరెంటు బిల్లు మీదకి పోతుంది, అందుకే నోటితో పలకాలి. నేను పొద్దున్నే మా విశాఖపట్నంలో ఆర్కే బీచ్‌కి వెళ్లి నీళ్ల దగ్గరగా నడుస్తా, ఆ హోరులో పక్కవాళ్లకి కూడా వినపడదు. బీచ్ దూరమైతే మేడ మీద చాలు.

తర్వాత ప్రాణాన్ని అడగండి, తిట్టొద్దు. మనం చాలామందిమి "నీకసలు విశ్వాసం లేదు" అని మొదలెడతాం. కీర్తనలో ఉన్నది ప్రశ్న, కాబట్టి అడిగి జవాబు కోసం ఆగాలి. నాకు మొదటిరోజు ఏమీ రాలేదు, మూడో రోజు బయటపడింది, డబ్బుల భయం కంటే "ఇంత అడిగినా దేవుడు వినలేదు" అన్న కోపమే ఎక్కువ ఉందని. అది నోటితో ఒప్పుకోడానికే నాకు అన్ని రోజులు పట్టింది.

ఇప్పుడు గుర్తు చెయ్యండి. 103వ కీర్తన "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అంటుంది. ఊరికే "దేవుడు మంచివాడు" అంటే ప్రాణం వినదు, తేదీతో సహా చెప్పాలి. నేను 2014 అక్టోబరు 12 చెప్తా, హుద్‌హుద్ వచ్చిన ఆదివారం. ఆ తుపానులో ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు, వాళ్లకంటే నేను మంచి విశ్వాసినని కాదు, అందుకే "నాకేం కాలేదు" అనను, "ఆ రాత్రి కరెంటు లేని చీకట్లో ఆయన నీతో ఉన్నాడు కదా" అని చెప్పుకుంటా.

ఒక జాగ్రత్త. లూకా 12లో ధనవంతుడు కూడా తన ప్రాణంతో మాట్లాడాడు, తిని తాగి సుఖించమని, అదే రాత్రి అతని ప్రాణం అడిగేశారు. కాబట్టి "అంతా బాగైపోద్ది, నువ్వు ఏదైనా చేయగలవ్" అనే మాటలు వద్దు, వాక్యంలో ఉన్నదే చెప్పండి. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పండి, 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ బైబిల్‌ని తెలుగులోకి తేవడానికి కూర్చున్నది మన ఊళ్లోనే.

ఒక్కసారితో అయిపోదు. అదే ప్రశ్న 42:5లో, 42:11లో, మళ్లీ 43:5లో వస్తుంది, అంటే అడిగినా ప్రాణం మళ్లీ కుంగింది, మళ్లీ అడగాల్సొచ్చింది. నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా మాత్రం ఒంటరిగా ఉండొద్దు, ఆ రోజే ఇంట్లోవాళ్లకి, పాస్టర్‌గారికి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

42:5లో ప్రాణాన్ని అడిగినవాడు ఆ పక్క వచనంలోనే "నా దేవా" అని దేవుడి వైపు తిరుగుతాడు. మీక్కూడా మాట్లాడుతూ మాట్లాడుతూ ఎక్కడో "నా ప్రాణమా" అన్నది "నా దేవా" అయిపోద్ది. అక్కడ ఆపకండి, ఆఫీస్ టైం అయిపోతుంటే బస్టాప్ దాకా నడుస్తూనే మాట్లాడండి.