నెట్‌లో వైద్య సమాచారం, 3వ పాఠం: మాత్రల షీటు చూసి వెతకడం

కిందటి పాఠంలో జబ్బు పేరుతో వెతికాం. ఈసారి మందు పేరుతో. ఇది కాస్త తేలిక, కొట్టాల్సిన పేరు షీటు మీదే అచ్చయి ఉంటుంది కాబట్టి. విజయవాడ సూర్యారావుపేటలో చూపించుకున్నా, గుంటూరు కొత్తపేటలో చూపించుకున్నా చీటీ మీద ఎక్కువగా ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరే. అది కొడితే మందులు అమ్మే సైట్లే ముందు వరుసలో వస్తాయి.

షీటు వెనక్కి తిప్పండి. అక్కడ మందు అసలు పేరు, అంటే జెనరిక్ పేరు, పక్కన మిల్లీగ్రాములు ఉంటాయి. డోలో 650 మీదైతే పారాసిటమాల్ 650 మి.గ్రా. రెండు మూడు పేర్లు ఉంటే అన్నీ ఒకే మాత్రలో కలిపారన్నమాట. ఒక్కో పేరునూ విడిగా రాసుకుని విడిగా వెతకాలి. షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే పేరు, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క తరచూ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. కత్తిరించే ముందే పూర్తి షీటుకి ఫోన్లో ఫొటో తీసుకోండి. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లకు 2023 ఆగస్టు 1 నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. జెనరిక్ పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అందులో ఉండాలి.

ఆ పేరును గూగుల్‌లో కొట్టకండి. రెండు సైట్లకు నేరుగా వెళ్లండి: అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్‌ప్లస్, బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ సైటు. అమెరికా వాళ్లు కొన్ని మందులను వేరే పేర్లతో పిలుస్తారు. మన పారాసిటమాల్ వాళ్లకి ఎసిటమినోఫెన్, ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ ఆల్బుటెరాల్. బ్రిటన్ పేర్లు చాలావరకు మనవే, కాబట్టి మొదట అక్కడ చూడడం నయం.

రెండు చోట్లా దొరకని మందులూ మన షాపుల్లో ఉంటాయి. నిమెసులైడ్ అలాంటిదే. కనపడలేదని మాత్ర ఆపెయ్యకండి, డాక్టరు గారిని అడగండి. ఆ మందు మీద మన దేశంలో ఆంక్షలున్నాయేమో చూడాలంటే పేర్లో గవ్ డాట్ ఇన్ ఉన్న ప్రభుత్వ సైట్లలో వెతకండి. ఈ నిమెసులైడ్‌నే 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకూడదని 2011లో నిషేధించారు.

సైటు మంచిదైనా పప్పులో కాలేసేది అంకెల దగ్గర. పెద్దవాళ్లు 24 గంటల్లో ఎనిమిది పారాసిటమాల్ మాత్రలు మించకూడదని ఎన్‌హెచ్‌ఎస్ పేజీ చెబుతుంది. వాళ్ల లెక్క 500 మి.గ్రా. మాత్రకి, అంటే 4000 మి.గ్రా. మన ఇళ్లలో ఉండేది 650. అవి ఎనిమిదేస్తే 5200 అవుతుంది, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆరేస్తేనే 3900. అందుకే మాత్రల్ని కాదు, మిల్లీగ్రాముల్ని లెక్కపెట్టండి. పైగా ఆ 4000 ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి చెప్పిన హద్దు. బరువు తక్కువ ఉన్నవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, రోజూ మద్యం తాగేవాళ్లకు హద్దు ఇంకా కిందే ఉండొచ్చు. ఎవరు వేసుకోకూడదో చెప్పే భాగాన్ని మోతాదు కంటే ముందు చదవండి.

రిపోర్టుల్లోనూ ఇదే చిక్కు. పరగడుపు షుగరు మన ల్యాబు 126 అని ఇస్తే, బ్రిటన్ పేజీలో అదే 7. ఒకటి డెసిలీటరుకు మిల్లీగ్రాములు, రెండోది లీటరుకు మిల్లీమోల్స్. వాళ్ల అంకెను 18తో గుణిస్తే మనది వస్తుంది. ఈ 18 షుగరుకే. కొలెస్ట్రాల్‌కు సుమారు 38.7తో గుణించాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి ఏ గుణకారమూ పనికిరాదు, మన 6.5 శాతం వాళ్ల పేజీలో 48గా కనిపిస్తుంది. అంకె పక్కనున్న కొలమానం చదవకుండా కంగారుపడటమూ తప్పే, ధీమాపడటమూ తప్పే.

పేజీ అడుగున చివరిసారి సమీక్షించిన తేదీ చూడండి. తేదీయే లేకపోతే ఆ పేజీ మీద మోతాదు విషయంలో ఆధారపడొద్దు.

అభ్యాసం: ఒకాయన జ్వరానికి డాక్టరు రాసిన 650 మాత్ర రోజుకి నాలుగుసార్లు వేసుకుంటున్నాడు. ముక్కు కారుతోందని షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్ర మూడుసార్లు. ఆ షీటు మీద మూడు పేర్లున్నాయి, ఒకటి పారాసిటమాల్ 500 మి.గ్రా. హద్దు దాటాడా? కాగితం మీద వేసి చూశాకే కింది వరుస చదవండి.

2600, 1500 కలిపితే 4100. దాటాడు.